డిక్రీ, అవార్డు, ఎన్సీఎల్టీ: వ్యాపార బాకీ వసూలుకు ఏ దారి ఎప్పుడు?

వ్యాపార తగాదాలో గెలిచిన కాగితం, అంటే కోర్టు ఇచ్చే డిక్రీ లేదా ఆర్బిట్రేటర్ (పార్టీల ఒప్పందం ప్రకారం తగాదా తేల్చే ప్రైవేటు తీర్పరి) ఇచ్చే అవార్డు, చేతికొచ్చాక వసూలు అనే రెండో కేసు మొదలవుతుంది. కోర్టు కట్టమనగానే కట్టే పార్టీ అయితే వ్యవహారం అంతదూరం వచ్చేదే కాదు. 2025లో సుప్రీంకోర్టు హైకోర్టుల నుంచి లెక్కలు తెప్పించుకుంటే, దేశంలోని జిల్లా కోర్టుల్లో తీర్పు అమలు చేయించమని వేసిన ఎగ్జిక్యూషన్ పిటిషన్లు (ఈపీలు) 8.8 లక్షలకు పైగా పెండింగులో ఉన్నట్టు తేలింది. ఈపీ వేసిన ఆరు నెలల్లో దాన్ని తేల్చాలని అదే కోర్టు 2021లో చెప్పి ఉంది.

కోర్టుకెళ్లాలా, ఆర్బిట్రేషన్‌కెళ్లాలా అని అడిగేవాళ్లు మామూలుగా ఏది త్వరగా తేలుతుంది, దేనికి ఖర్చు తక్కువ అని చూస్తారు. అది సగం లెక్కే. బాకీదారుకు ఉన్న ఆస్తి ఏమిటి, అది ఏ ఊళ్లో ఉంది, దాని మీద మీకంటే ముందు ఇంకెవరికి హక్కుంది అన్నవి తేలకుండా దారి ఎంచుకుంటే, చివరికి మంచి తీర్పూ ఖాళీ ఖాతా మిగులుతాయి.

ముందు ఆస్తి వాకబు

బాకీదారు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో ఫీజు కట్టి బ్యాలెన్స్ షీటు, చార్జీల జాబితా తీయండి. ఏ బ్యాంకుకు ఏది తాకట్టు పెట్టారో అందులో కనబడుతుంది. స్థలాలు, భవనాల మీద ఈసీ (ఆస్తి మీది రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయండి. కనీసం 30 ఏళ్లకు తీస్తే పాత తనఖాలు కూడా బయటపడతాయి. సాగు భూమి అయితే తెలంగాణలో భూ భారతి రికార్డు, ఆంధ్రలో వెబ్‌ల్యాండ్ అడంగల్ చూడాలి. అసైన్డ్ భూమి, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో ఉన్న భూమి జప్తుకు పెట్టి ప్రయోజనం లేదు. వేలం దాకా వెళ్లాక ఆగిపోతుంది.

ఇక్కడే చాలామంది బోల్తాపడే విషయం ఒకటుంది. డిక్రీ కంపెనీ మీద వస్తే డైరెక్టర్ ఇల్లు జప్తు చేయించలేరు. ఆయన విడిగా పర్సనల్ గ్యారంటీ ఇచ్చి, కేసులో ఆయన్నూ పార్టీగా చేర్చి ఉంటే తప్ప ఆ ఇంటికి ఈ డిక్రీతో సంబంధం లేదు. ప్రొప్రైటరీ సంస్థ అయితే యజమాని ఆస్తి మొత్తం దొరుకుతుంది. భాగస్వామ్య సంస్థ అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 21 రూల్ 50 కింద సంస్థ ఆస్తితో పాటు, కేసులో సమన్లు అందుకున్న భాగస్తుల సొంత ఆస్తి మీదికీ వెళ్లవచ్చు.

తనఖా ఉన్న ఆస్తి మీద ఆశ తగ్గించుకోండి. జప్తు వల్ల మీకు ఆ ఆస్తి మీద చార్జీ, అంటే తాకట్టు లాంటి హక్కు, పుట్టదు. బ్యాంకుల తనఖా వసూళ్లకు ఉన్న సర్ఫేసీ చట్టంలోని 26-ఇ సెక్షన్ 2020 జనవరి నుంచి అమల్లో ఉంది, రిజిస్టరైన తనఖా ఉన్న బ్యాంకుకే ముందు చెల్లింపు. అమ్మిన డబ్బులో బ్యాంకు బాకీ పోను మిగిలితేనే మీ వంతు.

డిక్రీ, అవార్డు: తేడా ఎక్కడ

వసూలు దశలో రెండూ చేరేది ఒకచోటికే. ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 36 అవార్డును కోర్టు డిక్రీలాగే అమలు చేయమంటుంది. రెండింటికీ గడువు లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 136 కింద 12 ఏళ్లు. రెండింటికీ వాడేది సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21. కాని అక్కడిదాకా వెళ్లే దారిలో తేడాలు పెద్దవి.

మొదటిది మొదలుపెట్టే రోజు. కోర్టు డిక్రీకి ఆగక్కర్లేదు, స్టే లేకపోతే మర్నాడే ఈపీ వేయవచ్చు. అప్పీలు వేయడం ఒక్కటే స్టే కాదు. అవార్డుకు మాత్రం ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 కింద సవాలు చేసే గడువు, అంటే మూడు నెలలు, ముగిశాకే అమలు. కారణం చూపితే కోర్టు ఇంకో 30 రోజులు మన్నించగలదు, ఆపైన ఒక్క రోజు కూడా మన్నించదు. ఈ మూడు నెలల్లోనే బాకీదారు ఖాతాలు ఖాళీ చేస్తాడు. అందుకే అవార్డు రాగానే సెక్షన్ 9 కింద ఆస్తులు అమ్మకుండా, ఖాతా కదలకుండా ఉత్తర్వు అడగాలి. అవార్డు వచ్చాక, అమలుకు ముందు కూడా సెక్షన్ 9 వాడుకోవచ్చని చట్టంలోనే ఉంది, చాలామంది వాడుకోరు.

రెండోది ఊరు మారినప్పుడు. అవార్డుకు ఉన్న అతిపెద్ద బలం ఇదే. విజయవాడ కమర్షియల్ కోర్టు డిక్రీ ఇచ్చింది, బాకీదారు గోదాము చెన్నైలో ఉంది. విజయవాడ కోర్టు తన పరిధి దాటి జప్తు చేయడానికి వీల్లేదు, సీపీసీ సెక్షన్ 39(4) అడ్డు. డిక్రీని చెన్నైకి బదిలీ చేయమని పిటిషన్ వేయాలి. డిక్రీ నకలు, ఇంతవరకు ఎంత వసూలైందో ఎంత కాలేదో చెప్పే సర్టిఫికెట్, అంతకుముందు అమలు ఉత్తర్వులేమైనా ఉంటే వాటి నకలు, ఇవన్నీ కోర్టు నుంచి కోర్టుకు వెళ్లాలి. కాగితాలు మధ్యలో ఆగిపోవడం మామూలే. అవార్డుకు ఈ బాధ లేదు. ఆస్తి ఎక్కడుంటే అక్కడి కోర్టులో నేరుగా ఈపీ వేయవచ్చని సుందరం ఫైనాన్స్ కేసులో సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. అవతలి పార్టీకి మూడు నాలుగు రాష్ట్రాల్లో ఆస్తులుంటే ఈ ఒక్క కారణంతోనే ఆర్బిట్రేషన్ వైపు మొగ్గవచ్చు.

మూడోది సవాలు. డిక్రీ మీద అప్పీలులో సాక్ష్యం, చట్టం రెండూ మళ్లీ తిరగేస్తారు. అవార్డు మీద సెక్షన్ 34లో కారణాలు కొన్నే, ఆర్బిట్రేటర్ సాక్ష్యాన్ని ఎలా తూచాడన్నది కోర్టు మళ్లీ తూచదు. కోర్టు అవార్డును పరిమితంగా సవరించవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2025 ఏప్రిల్‌లో నాలుగు–ఒకటి మెజారిటీతో చెప్పింది. దాంతో, విడదీయగల తప్పు ఒకటి ఉన్నంత మాత్రాన అవార్డు మొత్తం కొట్టుకుపోయే ప్రమాదం కొంత తగ్గింది.

నాలుగోది వడ్డీ. డిక్రీ తర్వాతి కాలానికి సెక్షన్ 34 సీపీసీ కింద మామూలు హద్దు 6%. వ్యాపార లావాదేవీ అయితే కాంట్రాక్టు రేటు దాకా, ఆ రేటు లేకపోతే జాతీయ బ్యాంకుల లెండింగ్ రేటు దాకా ఇవ్వవచ్చు, కాని అడగాలి, వాదించాలి. అవార్డులో ఏమీ రాయకపోయినా, అవార్డు తేదీ నాటి ప్రస్తుత రేటుకు 2% కలిపి చట్టమే వడ్డీ ఇస్తుంది. బాకీదారు సాగదీసేకొద్దీ ఈ తేడా అతన్నే నొక్కుతుంది.

ఇక ఖర్చు. దావాలో కోర్టు ఫీజు ఒకసారి కడితే జడ్జి జీతం మీది కాదు. ఆర్బిట్రేషన్‌లో ఆర్బిట్రేటర్ ఫీజు మీదే. చట్టంలోని నాలుగో షెడ్యూలు ప్రకారం 50 లక్షల క్లెయిముకు ఒక్కో ఆర్బిట్రేటర్‌కు 1,87,500 రూపాయలు. ఒక్కరే ఉంటే 25% అదనం, అంటే 2,34,375. ముగ్గురు ఉంటే 5,62,500. కౌంటర్ క్లెయిము వస్తే దానికి వేరే లెక్క. మొదట్లో రెండు పార్టీలూ చెరిసగం వేసుకుంటాయి. అవతలివాడు తన వాటా ఎగ్గొడితే అదీ మీరే కట్టి నడపాల్సి వస్తుంది. 20 లక్షల లోపు బాకీకి ముగ్గురు ఆర్బిట్రేటర్ల క్లాజు రాసుకోవడం మాకైతే అర్థం కాని పని.

కోర్టు నయమైన సందర్భాలు కూడా గట్టివే. సంతకంతో ఒప్పుకున్న బాకీ, చెక్కు, ప్రామిసరీ నోటు ఉంటే ఆర్డర్ 37 సమ్మరీ దావా వేయవచ్చు. సమన్లు అందిన 10 రోజుల్లో అవతలివాడు హాజరు నమోదు చేయకపోతే డిక్రీ వస్తుంది. బినామీకి మళ్లించిన ఆస్తి, కాంట్రాక్టుతో సంబంధమే లేని మూడో వ్యక్తి లాంటి చిక్కులు ఉంటే కోర్టే దిక్కు, ఎందుకంటే ఆర్బిట్రేటర్ అధికారం ఒప్పందంలోని పార్టీల దగ్గర ఆగుతుంది. ఒకటి మరవద్దు: 3 లక్షలు, ఆపైన ఉన్న కమర్షియల్ దావాకు, అత్యవసర ఉత్తర్వు అడగకపోతే, ముందు కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 12-ఏ మధ్యవర్తిత్వం తప్పనిసరి. అది దాటేసి వేసిన దావాను తిరస్కరిస్తారని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మధ్యవర్తిత్వంలో రాజీ కుదిరితే ఆ పత్రానికి అవార్డు విలువ ఉంటుంది, నేరుగా ఈపీ వేయవచ్చు.

తీర్పుకు ముందే ఆస్తిని కట్టడి చేయడంలోనూ ఆర్బిట్రేషన్‌దే కొంచెం పైచేయి. కోర్టులో ఆర్డర్ 38 రూల్ 5 జప్తుకు, బాకీదారు ఆస్తి మాయం చేయబోతున్నాడని గట్టిగా చూపాలి. సెక్షన్ 9లో అంత కఠినంగా ఉండనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు అన్నది. అయితే ఆర్బిట్రేషన్ మొదలుకాకముందే సెక్షన్ 9 ఉత్తర్వు తెచ్చుకుంటే, 90 రోజుల్లో ఆర్బిట్రేషన్ మొదలుపెట్టాలి.

స్టే దగ్గర జరిగే బేరం

2015 అక్టోబరు 23కు ముందు సెక్షన్ 34 పిటిషన్ పడితే చాలు, అవార్డు దానంతటదే ఆగిపోయేది. ఇప్పుడు విడిగా స్టే అడగాలి, కోర్టు షరతులు పెట్టవచ్చు. అవార్డు మోసంతోనో అవినీతితోనో వచ్చిందని పైకి కనబడితే మాత్రం షరతుల్లేని స్టే ఇవ్వాలని 2021 సవరణ చెబుతుంది. అందుకే ఈ మధ్య సవాలు పిటిషన్లలో మోసం అనే మాట తరచుగా కనబడుతోంది. కేవలం ఆరోపణ సరిపోదు, పైచూపుకైనా కేసు కనబడాలి. మీ కౌంటర్‌లో ఆ పేరాకు విడిగా, వివరంగా జవాబివ్వండి.

షరతు ఎలా ఉంటుందన్నదే మీకు ముఖ్యం. అవార్డు మొత్తం డబ్బుగా కోర్టులో కట్టించమని అడగండి. అవతలివాళ్లు బ్యాంకు గ్యారంటీ చాలంటారు, ఆస్తి పత్రాల సెక్యూరిటీ ఇస్తామంటారు. ఆస్తి సెక్యూరిటీ వద్దనండి, దాన్ని అమ్మించడానికి మళ్లీ ఇంకో ఈపీ కావాలి. డబ్బు జమ అయితే, మీరు బ్యాంకు గ్యారంటీ ఇచ్చి దాన్ని తీసుకునేందుకు పిటిషన్ వేయండి. ఆ గ్యారంటీకి బ్యాంకు అడిగే మార్జిన్, ఏటా కమీషన్ ముందే లెక్కవేసుకోండి. చిన్న సంస్థలు తీసుకున్న డబ్బులో చెప్పుకోదగ్గ భాగం మళ్లీ ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా బ్యాంకులోనే పెట్టాల్సి రావచ్చు. గ్యారంటీ గడువు తేదీ డైరీలో రాసుకోండి, రెన్యువల్ తప్పితే డబ్బు వెనక్కి కట్టమంటారు.

అవతల ఉన్నది ప్రభుత్వమైతే? డిక్రీ అమలుకు సెక్షన్ 82 సీపీసీ కింద మూడు నెలలు ఆగాలి. అవార్డు మీద స్టే విషయంలో మాత్రం ప్రభుత్వానికి ప్రత్యేక మర్యాద లేదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. కేంద్ర శాఖలు అవార్డును సవాలు చేస్తే, బ్యాంకు గ్యారంటీ మీద 75% చెల్లించాలని సాధారణ ఆర్థిక నియమాల్లో 227-ఏ ఉంది. కాంట్రాక్టర్లు ఈ నియమాన్ని లేఖలో పేర్కొని అడగాలి. మరో సంగతి, కేంద్ర ఆర్థిక శాఖ 2024 జూన్ మార్గదర్శకాల తర్వాత ప్రభుత్వ కొనుగోలు కాంట్రాక్టుల్లో 10 కోట్ల పైబడిన తగాదాలకు ఆర్బిట్రేషన్ క్లాజు మామూలుగా పెట్టడం లేదు. టెండరు వేసే ముందే ఆ పేజీ చదవాలి.

ఈపీలో ఏ ఆస్తి ముందు

ఈపీ ఎప్పుడు వేస్తారన్నది కూడా వ్యూహమే. డిక్రీ వచ్చి రెండేళ్లు దాటితే, ఆర్డర్ 21లోని రూల్ 22 కింద బాకీదారుకు ముందుగా నోటీసు వెళ్లాలి. రెండేళ్ల లోపు వేస్తే ముందస్తు నోటీసు లేకుండా జప్తు అడగవచ్చు. పన్నెండేళ్లు ఉన్నాయి కదా అని ఊరుకునేవాళ్లు పోగొట్టుకునేది ఈ అవకాశాన్నే.

బ్యాంకు ఖాతా అన్నిటికంటే త్వరగా పనిచేస్తుంది. రూల్ 46, 46-ఏ కింద గార్నిషీ పిటిషన్ (బాకీదారుకు డబ్బు ఇవ్వాల్సినవాళ్ల నుంచి నేరుగా కట్టించే పిటిషన్) వేస్తే, బ్యాంకు డబ్బు కోర్టులో కట్టాలి లేదా ఎందుకు కట్టదో చెప్పాలి. దీనికి ఖాతా నంబరు, బ్రాంచి పేరు కావాలి. పాత చెక్కులు, ఇన్వాయిసు అడుగున ఉండే బ్యాంకు వివరాలు, ఆర్టీజీఎస్ రసీదులు వెతకండి. ఎక్కువ పిటిషన్లు విఫలమయ్యేది క్యాష్ క్రెడిట్ ఖాతా దగ్గర. అందులో కోట్ల లావాదేవీలు కనబడతాయి గాని, అది బ్యాంకు బాకీదారుకు ఇచ్చిన అప్పు ఖాతా. బ్యాంకు అతనికి ఇవ్వాల్సింది ఏమీ లేనప్పుడు జప్తు చేయడానికి ఏమీ ఉండదు. అలాంటప్పుడు ఖాతాను వదిలి అతని కస్టమర్ల మీదికి వెళ్లండి. అతనికి సరుకు డబ్బు ఇవ్వాల్సిన కంపెనీ, బిల్లు పాస్ చేయాల్సిన శాఖ, వీళ్లందరూ గార్నిషీలే. కాంట్రాక్టర్ బాకీదారులకు బిల్లు జప్తు చేస్తే పడే నొప్పి, ఆఫీసు ఫర్నిచరు జప్తు చేస్తే పడదు.

ఆస్తి వివరాలు దొరక్కపోతే రూల్ 41 వాడండి. డబ్బు డిక్రీ 30 రోజులు తీరకుండా ఉంటే, ఆస్తుల జాబితాతో అఫిడవిట్ వేయమని బాకీదారును, కంపెనీ అయితే దాని అధికారిని కోర్టు ఆదేశించవచ్చు. ధిక్కరిస్తే మూడు నెలల దాకా సివిల్ జైలు. అబద్ధపు అఫిడవిట్ కూడా తర్వాత మీకు పనికొస్తుంది.

స్థిరాస్తి ఆలస్యం, కాని పెద్ద మొత్తాలకు చివరికి అదే ఆధారం. షెడ్యూల్లో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు సరిగా రాయాలి. హద్దు తప్పితే అమీనా (జప్తుకు వెళ్లే కోర్టు ఉద్యోగి) వెనక్కి తిరిగొస్తాడు, మళ్లీ బత్తా (అతని రాకపోకల ఖర్చు) కట్టి మొదటికి రావాలి. రూల్ 54 జప్తు అక్కడికక్కడ దండోరా వేసి, నోటీసు అంటించి జరుగుతుంది. జప్తు ఉత్తర్వు నకలు కోర్టు ద్వారా సబ్ రిజిస్ట్రార్‌కు పంపించి, నెల తర్వాత ఈసీ తీసి ఎంట్రీ పడిందో లేదో చూసుకోండి. జప్తు తర్వాత బాకీదారు చేసే అమ్మకం సీపీసీ సెక్షన్ 64 కింద మీ మీద చెల్లదు, నిజమే. ఈసీలో ఎంట్రీ ఉంటే అసలు కొనేవాడే ముందుకు రాడు, అది ఇంకా మేలు.

వేలం ప్రకటన తర్వాత స్థిరాస్తికి కనీసం 15 రోజులు ఆగాలి. పాట నెగ్గినవాడు అక్కడికక్కడే 25%, మిగతాది 15 రోజుల్లో కట్టాలి. ఈ 15 రోజులు కచ్చితం, పెంచడానికి కోర్టుకు కూడా వీల్లేదు. బాకీదారు 60 రోజుల్లో బాకీ మొత్తం, కొన్నవాడికి 5% కట్టి అమ్మకం రద్దు చేయించుకోవచ్చు. అమ్మకాలు రద్దయ్యే అసలు కారణం మాత్రం డిక్రీదారు ఆత్రం. పది లక్షల బాకీకి కోటి విలువ చేసే భూమి మొత్తం వేలానికి పెడితే, బాకీకి సరిపడా భాగమే అమ్మాలన్న రూల్ 64 కింద అది కొట్టుకుపోతుంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులోనే 1989లో సుప్రీంకోర్టు ఆ పని చేసింది. భాగం విడదీసి స్కెచ్‌తో పెట్టండి. పాటగాళ్లు రాకపోతే, ముందుగా కోర్టు అనుమతి తీసుకుని మీరే పాడి, బాకీలో సర్దుబాటు చేసుకోవచ్చు. అనుమతి లేకుండా పాడితే ఆ పాటను రద్దు చేయించవచ్చు.

అరెస్టు వారంటు అడగమని సలహా ఇచ్చేవాళ్లు ఎక్కువ. కట్టే స్తోమత ఉండి ఎగ్గొడుతున్నాడని మీరు నిరూపించాలి, డబ్బు లేకపోవడం నేరం కాదని 1980 నుంచీ స్థిరపడిన మాట. డబ్బు డిక్రీకి స్త్రీని అరెస్టు చేయరు. కంపెనీ డిక్రీకి డైరెక్టర్ అరెస్టు సాధారణంగా నిలబడదు. బాకీదారు సొంతంగా వ్యాపారం చేస్తూ, ఆదాయ పన్ను రిటర్న్‌లో లక్షలు చూపిస్తూ ఉంటే అప్పుడు మాత్రం ఇది పదునైన ఆయుధం.

మధ్యలో రాజీకి వస్తే ఈపీ ఉపసంహరించుకోకండి. వాయిదాల మెమో కోర్టులో దాఖలు చేసి, చివరి వాయిదా దాకా జప్తు కొనసాగేలా రాయించండి. కోర్టు బయట అందిన డబ్బును రూల్ 2 కింద రికార్డు చేయించాలి. అలా చేయని చెల్లింపును ఈపీ కోర్టు లెక్కలోకి తీసుకోదు, తర్వాత ఎవరు ఎంత ఇచ్చారన్నదే కొత్త తగాదా అవుతుంది.

ఎన్సీఎల్టీ వైపు చూడాలా?

ఎన్సీఎల్టీ అంటే కంపెనీల దివాలా కేసులు చూసే నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్. కోటి రూపాయలు, ఆపైన బాకీ, అవతల కంపెనీ, తగాదా ఏమీ లేదు. ఈ మూడూ కుదిరితేనే దివాలా చట్టం (ఐబీసీ) సెక్షన్ 8 నోటీసు ఆలోచించండి. సరుకు, సేవల బాకీదారులకు నోటీసు అందిన 10 రోజుల గడువు ఉంటుంది. మేనేజ్‌మెంట్ చేజారిపోతుందన్న భయంతో నడుస్తున్న కంపెనీ తరచుగా ఆ 10 రోజుల్లోనే బేరానికి వస్తుంది. ఈ దారి బలమంతా ఆ భయమే.

అవార్డు ఉంటే చాలనుకోవద్దు. హైదరాబాద్ ఎన్సీఎల్టీలో మొదలైన విజయ్ నిర్మాణ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 2018లో, సెక్షన్ 34 సవాలు పెండింగులో ఉన్న అవార్డు తగాదాలో ఉన్న బాకీయేనని చెప్పింది. అంటే సవాలు తేలేదాకా ఈ తలుపు మూసే ఉంటుంది.

నిజంగా దివాలా అంచున ఉన్న కంపెనీ మీద ఈ పిటిషన్ వేయడం మీ చేతులతో మీ ఈపీని ఆపుకోవడమే. అడ్మిట్ అయిన రోజే మారటోరియం వస్తుంది, సాగుతున్న జప్తులన్నీ ఆగుతాయి. కంపెనీని గట్టెక్కించే రిజల్యూషన్ ప్లాన్‌లో బ్యాంకులు ముందుంటాయి, సరుకు సరఫరాదారుకు చాలాసార్లు చిల్లర మిగులుతుంది, కొన్నిసార్లు సున్నా. ఎవరో ఇంకొకరు వేసిన పిటిషన్ అడ్మిట్ అయితే పబ్లిక్ ప్రకటన చూసి గడువులోగా, ట్రిబ్యునల్ నియమించిన రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు క్లెయిము వేయండి. ప్లాన్‌లో చేరని బాకీ చచ్చిపోయినట్టే. ప్లాన్ ఆమోదం తర్వాత వచ్చిన అవార్డును అమలు చేయలేరని ఎలక్ట్రోస్టీల్ కేసులో 2025లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఉద్యమ్ నమోదు ఉన్న చిన్న సంస్థకు

తయారీ, సేవల సంస్థలకు ఇదే మొదటి దారి కావాలి. చిన్న సంస్థల కోసం ఉన్న ఎంఎస్ఎంఈడీ చట్టం కింద 45 రోజులు దాటిన బాకీకి రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఈ చట్టం కింద తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఇచ్చిన అవార్డును కొనుగోలుదారు సవాలు చేయాలంటే 75% ముందే కట్టాలి, అందులో కొంత మీకు ఇప్పించమని కోర్టును అడగవచ్చు. స్టే బేరం ఇక్కడ చట్టంలోనే తేలిపోయింది. కాంట్రాక్టులో వేరే ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నా ఈ దారి మూసుకుపోదని 2022లో స్పష్టమైంది. ఒక జాగ్రత్త, నమోదు పర్చేజ్ ఆర్డరుకు ముందే ఉండడం మంచిది. తగాదా వచ్చాక చేయించుకున్న నమోదుతో పాత బిల్లులకు ఈ వడ్డీ రాబట్టడం కష్టం.

విదేశీ పార్టీ ఉన్నప్పుడు

ఇక్కడ తూకం పూర్తిగా అవార్డు వైపే. అమెరికా కోర్టు తీర్పును హైదరాబాద్‌లో నేరుగా అమలు చేయలేరు, ఎందుకంటే సెక్షన్ 44-ఏ సీపీసీ కింద, తీర్పులు నేరుగా అమలయ్యే దేశంగా అమెరికా నోటిఫై కాలేదు. ఆ తీర్పు ఆధారంగా ఇక్కడ మళ్లీ దావా వేయాలి, అదీ మూడేళ్లలో. ఎక్స్‌పార్టీ తీర్పు (అవతలి పార్టీ హాజరు కాకుండానే వచ్చినది) అయితే, సాక్ష్యం చూడకుండా ఇచ్చిందని సెక్షన్ 13 కింద కొట్టేయించుకోవడం బాకీదారుకు సులువు. అందుకే అమెరికాలో ఎక్స్‌పార్టీగా గెలిచే పరిస్థితి వస్తే, సాక్షి అఫిడవిట్లు, ఇన్వాయిసులు రికార్డులో పెట్టి, కారణాలతో తీర్పు రాయమని అక్కడి లాయరుకు ముందే చెప్పండి.

బ్రిటన్, సింగపూర్, హాంకాంగ్, న్యూజిలాండ్ లాంటి నోటిఫై అయిన దేశాల పై కోర్టుల డబ్బు డిక్రీలను జిల్లా కోర్టులో నేరుగా అమలుకు పెట్టవచ్చు. 2020 జనవరి నుంచి యూఏఈ కోర్టులూ ఈ జాబితాలో ఉన్నాయి, దుబాయ్ కోర్టులు, అక్కడి ఆర్థిక కేంద్రానికి చెందిన డీఐఎఫ్‌సీ కోర్టులతో సహా. యూఏఈలో వ్యాపారం చేసి, అక్కడ బాకీ వదిలి సొంతూరికి వచ్చేస్తే అయిపోయిందనుకునే రోజులు పోయాయి. గడువు విషయంలో తీర్పిచ్చిన దేశపు లిమిటేషన్ చట్టాన్నే చూస్తారు.

విదేశీ అవార్డు అయితే, అలాంటి అవార్డుల అమలుకు దేశాలు చేసుకున్న న్యూయార్క్ ఒప్పందం కింద హైకోర్టులో పిటిషన్. అసలు అవార్డు లేదా ధ్రువీకరించిన నకలు, ఆర్బిట్రేషన్ ఒప్పందం, ఇంగ్లిషులో లేకపోతే అనువాదం కావాలి. గడువు మూడేళ్లని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది, దేశీ అవార్డుకున్న 12 ఏళ్లతో కలిపి గందరగోళపడొద్దు. అమలు నిరాకరించడానికి ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 48లో ఉన్న కారణాలు ఇంకా ఇరుకు. అమలుకు అనుమతిస్తే ఆర్బిట్రేషన్ చట్టం కింద దాని మీద అప్పీలు లేదు, నిరాకరిస్తేనే అప్పీలు. స్టాంపు డ్యూటీ గొడవ కూడా లేదు. దేశీ అవార్డుకు స్టాంపు సరిపోలేదన్న అభ్యంతరం అమలు దశలోనే వస్తుంది కాబట్టి, అవార్డు రాయించే ముందే ఆ రాష్ట్ర రేటు ప్రకారం స్టాంపు కొనిపించడం మంచిది. ఒక జాగ్రత్త: న్యూయార్క్ ఒప్పందంలో చేరిన ప్రతి దేశాన్నీ భారత్ గెజిట్‌లో నోటిఫై చేయలేదు. సింగపూర్, లండన్ లాంటి చోట సీటు (ఆర్బిట్రేషన్‌కు చట్టపరంగా కేంద్రమయ్యే ఊరు) పెట్టుకుంటే ఆ సందేహం ఉండదు.

కాంట్రాక్టు రాసే రోజునే

బాకీదారు ఆస్తులన్నీ ఒకే జిల్లాలో, బాకీకి రాతపూర్వక ఆధారం ఉంది, మొత్తం చిన్నది: ఆ ఊరి కోర్టు పరిధి రాసుకోండి, ఆర్బిట్రేషన్ వద్దు. ఆస్తులు పలు రాష్ట్రాల్లో ఉంటే ఒకే ఆర్బిట్రేటర్, సీటు ఊరి పేరు స్పష్టంగా. విదేశీ కొనుగోలుదారైతే సంస్థాగత ఆర్బిట్రేషన్ (ఒక ఆర్బిట్రేషన్ సంస్థ నిబంధనల కింద నడిచేది), నోటిఫై అయిన దేశంలో సీటు.

ఆర్బిట్రేటర్‌ను మా ఎండీ నియమిస్తారు అన్న పాత క్లాజు మీ ఫార్మాట్‌లో ఇంకా ఉంటే ఈ రోజే తీసేయండి. తగాదాలో ఉన్న పార్టీ ఒంటరిగా చేసే నియామకం చెల్లదని 2019లో సుప్రీంకోర్టు చెప్పాక, అలా వచ్చిన అవార్డులు ఈపీ దశలో కూడా పడిపోతున్నాయి. ఉత్తరప్రత్యుత్తరాలకు ఈమెయిలు చిరునామా, డైరెక్టర్ల పర్సనల్ గ్యారంటీ, ఆలస్యానికి వడ్డీ రేటు కూడా రాయండి. వీటిలో ఒక్కటే పెట్టించుకోగలిగితే గ్యారంటీ పెట్టించుకోండి.